వెనక కమాన్లు దింపించిన కారు

మా చిన్నప్పుడు... ఇంటి ముందర కారు ఆగితే మొదట బయటికి వచ్చేది మనుషులు కాదు, ఒక చెక్క పీట. డ్రైవర్ జహంగీర్ దాన్ని వెనక తలుపు కింద వేసి, ముఖం అటు తిప్పుకుని నిలబడేవాడు. అప్పుడు పరదాలు కట్టిన కారులోంచి అవ్వ, అంటే మా నాయినమ్మ, ఆమె వెనక అమ్మ దిగి గబగబా వాకిట్లోకి వెళ్లిపోయేవాళ్లు.

అరవైల నాటి మాట. తాత ఊరి పటేలు. మా నాన్న, బాపు, పట్నంలో కొలువు చేస్తూ ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. మా ఇంటి ఆడవాళ్లు బస్సు ఎక్కరు, బాట వెంట నడవరు. ఎక్కడికి పోవాలన్నా ఆ పాత కారే. మాకంటే ముందు దాన్ని వాడినవాళ్లు, పల్లె బాటలకు తట్టుకోవాలని వెనక కమాన్లలో అదనపు పట్టీలు వేయించారట. అందుకే వెనక అంత ఎత్తు... అందుకే ఆ పీట.

ఒకసారి భువనగిరి బజారులో అమ్మ కారెక్కుతుంటే పీట ఒరిగింది. చీర పిక్కల దాకా లేచింది. ఎవరో నవ్వారు. ఎవరు నవ్వారో, అసలు మమ్మల్ని చూసే నవ్వారో లేదో, నాకు ఇప్పటికీ అనుమానమే. తాతకు మాత్రం ఏ అనుమానమూ లేదు.

కొద్ది రోజులకే మిస్త్రీ వచ్చి మా వాకిట్లో కారు వెనక చక్రాలు విప్పాడు. విల్లులా వంగిన ఇనుప పట్టీలు, ఒకదాని కింద ఒకటి పేర్చి కట్టినవి... అవే కమాన్లు. కొన్ని పట్టీలు తీసేశాడు. మిగిలినవాటిని దాగలి మీద పెట్టి, వంపు తగ్గేదాకా సమ్మెటతో కొట్టాడు. మళ్లీ బిగించేసరికి కారు వెనక భాగం పడుకోబోయే బర్రెలా కిందికి దిగింది.

"ఇగ పీటతోని పనిలేదు పటేలా. గడప దాటినట్టె ఎక్కుతరు," అన్నాడు మిస్త్రీ.

అమ్మ ఆ సాయంత్రం ఊరికే ఒకసారి ఎక్కి దిగి చూసుకుంది. నవ్వింది కూడా.

ఆ వానాకాలంలోనే కబురొచ్చింది. అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు, మా చిన్నమ్మ, కాన్పు కష్టమై భువనగిరి దవాఖానలో ఉంది. "అక్కను పిలువుండ్రి" అని ఒకటే కలవరిస్తోందట. తల్లి పోయాక ఆమెను పెంచింది అమ్మే.

వెంటనే బయలుదేరాం. ముందు తాత, జహంగీర్. వెనక అవ్వ, అమ్మ, నేను... కాళ్ల దగ్గర గంపలు. ఊరు దాటి జొన్నచేల మధ్యకు వచ్చామో లేదో, కింద ఏదో గరగరా గీసుకుంది. కారు ఆగిపోయింది.

ఎడ్లబండ్లు తొక్కి తొక్కి బాటకు రెండు వైపులా లోతుగా గాళ్లు పడ్డాయి. నడుమ మట్టి దిమ్మలా మిగిలింది. మా కారు కడుపు ఆ దిమ్మ మీద కూర్చుంది. వెనక చక్రాలు గాళ్లలో బురద చిమ్ముతూ తిరుగుతున్నాయి తప్ప కారు కదలదు.

చేలో కలుపు తీస్తున్న ఆడకూలీల మాటలు పరదా ఇవతలికి వినిపిస్తున్నాయి.

"ఓ వదినె! కోడి పొదుగ కూసున్నట్టు కూసున్నదే కారు!"

"మెల్లగనవే, పటేలు ఇంటడు."

"ఇననీ... ఎన్ని గుడ్లు పెట్టిందో అడుగుదాం."

జహంగీర్ కిందికి వంగి చూసి, కారు దిగి నిలబడ్డ తాత దగ్గరికి వచ్చాడు. "పటేలా, వెనక అమ్మగార్లు జర దిగితె బండి లేస్తది. లోపల బరువుంటె కదలది."

"దిగుడు లేదు. ఊర్లకు వోయి ఎడ్లను తోలుకరా."

అమ్మ చెయ్యి అప్పటికే తలుపు పిడి మీద ఉంది. మామగారితో కోడలు నేరుగా మాట్లాడే ఆనవాయితీ మా ఇంట్లో లేదు. తాత నిలబడింది పరదాకు మూరెడు దూరంలోనే... అయినా అమ్మ అవ్వ వైపు తిరిగింది.

"అత్తమ్మా, మామకు జెప్పుండ్రి. నిండ కొంగు కప్పుకొని దిగుత. చెల్లె ఎట్లున్నదో ఏమో..."

"ఏమయ్యో, కోడలు దిగుతనంటాంది," అంది అవ్వ.

"బాట మీద దిగుడు మనింట్ల లేదని జెప్పు."

అవ్వ మళ్లీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. "నా సగం బతుకు కచ్చడం ఎడ్లబండ్ల పరదా ఎనుకనె పోయింది బిడ్డా. నీకు కారన్న దొరికె. తియ్యి, చెయ్యి తియ్యి," అంది మెల్లగా.

అమ్మ చెయ్యి తీసింది. ఆ చేత్తోనే నా మణికట్టు పట్టుకుంది. లోపల ఉక్క, పెట్రోలు వాసన, గంపలో మాగిన పండ్ల వాసన... నాకు ఊపిరాడలేదు. పరదా తొలగించబోతే అవ్వ నా వేళ్ల మీద కొట్టింది.

ఎడ్లు వచ్చేసరికి పొద్దు వాలింది. మమ్మల్ని లోపల ఉంచుకునే కారును అవి లాగాయి... ముందుకు కాదు, వెనక్కి, ఇంటి వైపు. "రేపు పోదాం," అన్నాడు తాత. తెల్లారి పెద్దవాన. బాట మొత్తం నీళ్లు. ఆ వానాకాలమంతా కారు వాకిలి దాటలేదు.

చిన్నమ్మ బతికింది. బిడ్డ దక్కలేదు. దసరా దాటాక ఆమే మా ఇంటికి వచ్చింది, బస్సు దిగి నడుచుకుంటూ. చాలాసేపు మామూలు మాటలే మాట్లాడింది. తర్వాత ఉన్నట్టుండి అంది...

"బస్సుల వచ్చినోళ్లు వచ్చిండ్రక్కా. నడిసొచ్చినోళ్లు సుత వచ్చిండ్రు. కారున్న నువ్వొక్కదానివే రాలే."

అమ్మ జరిగింది చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు. చిన్నమ్మ వెనక కూర్చుని ఆమె జడ విప్పి, చిక్కులు తీస్తూ ఉండిపోయింది.

ఇప్పుడు అక్కడ తారురోడ్డు పడింది. నా కారు నేనే నడుపుకుంటూ వెళ్తాను, కావాలంటే మధ్యలో ఆపి చేల గట్టున నిలబడతాను... అడిగేవారు లేరు. ఆ రోజు అమ్మ చోట నేనుంటే తలుపు తీసేదాన్ని అని ఇక్కడ రాశాను. తర్వాత చెరిపేశాను. నిజంగా తీసేదాన్నో లేదో నాకు తెలియదు.

మీ అమ్మ, మీ అవ్వ చేరాలనుకుని చేరలేకపోయిన చోటు ఏదైనా మీకు తెలుసా? వాళ్లు ఎవరికీ చెప్పుకొని ఉండరు... మీరైనా చెప్పండి.