ఎడమచేతి పందెం

సైకిళ్ళ దుకాణం మీది గదిలో కంప్యూటర్ ఆటలు ఆడించే ఆవిడను అందరూ ఆటలక్క అంటారు. నోరు పెద్దది, మనసు వెన్న. ఓడి ఏడ్చే పిల్లవాడిని కాసేపు తన కుర్చీలో కూర్చోబెట్టుకుని గానీ ఇంటికి పంపదు. అలాంటి మనిషి ఆ ఆదివారం పొద్దున నిప్పు తొక్కిన కోతిలా గదంతా తిరుగుతోంది.

కారణం ఆమె తమ్ముడు. ప్రెస్సులో పనిచేస్తుండగా యంత్రంలో పడి కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. అప్పటినుంచి గడప దాటడం మానేశాడు. ఎవరైనా పలకరిస్తే ఆ చెయ్యి జేబులోకి పోయేది. కార్ల పందెం ఆటంటే వాడికి ప్రాణం. అందులో కారు పరుగెత్తాలంటే గేమ్‌ప్యాడ్‌కు కుడివైపున్న మీటను చూపుడువేలితో నొక్కి పట్టాలి. ఆ వేలే లేదు. ఏ మీట పనినైనా మరో మీటకు అప్పగించే సౌకర్యం కంప్యూటర్లోనే ఉందని ఆటలక్క సెట్టింగులన్నీ గాలించి కనిపెట్టి, ఆ పనిని ఎడమవైపుకు మార్చింది. నెలల తరబడి సాధన చేశాక, పక్కవీధి జట్టుతో పందేనికి వాడే పేరిచ్చాడు. వాడు నలుగురి ముందు కూర్చుంటాననడమే దేవుడు కళ్ళు తెరిచినట్టు అనుకుంది అక్క.

పందెం మధ్యాహ్నం. పొద్దున కంప్యూటర్లు తెరిస్తే ‘మీకోసం సరికొత్త అనుభవం సిద్ధం’ అని రంగుల అక్షరాలు. తమ్ముడి సెట్టింగు లేదు. ఆ పేజీయే లేదు. దాని చోట ‘ఈ సౌకర్యం త్వరలో కొత్త రూపంలో వస్తుంది’ అన్న ఒక్క ముక్క. పాత వెర్షన్‌కు వెళ్దామని నొక్కితే చక్రం గిరగిరా తిరిగి ‘క్షమించండి, కుదరలేదు’ అంది.

“ఎవరు ముట్టుకున్నారు వీటిని?”

చీపురు పట్టుకున్న మొగుడు తలెత్తాడు. “నేనే. నిన్న అన్నీ కట్టేస్తుంటే అప్‌డేట్ చెయ్యమంది. పాపం, ఎన్నాళ్ళనుంచో అడుగుతోంది, నువ్వేమో రేపు రేపంటావు. అందుకని అన్నింటికీ సరేనన్నాను.”

“సరేననడానికి అదేమన్నా ఇంటికొచ్చిన చుట్టమా?”

“అంత మర్యాదగా అడిగింది మరి.”

“మర్యాదగా అడిగేవాళ్ళే తడిగుడ్డతో గొంతు కోసేది.”

ఆ ఊపులోనే కంపెనీ సహాయకేంద్రానికి ఫోన్ చేసింది. ఎత్తిన అమ్మాయి తీయగా మాట్లాడింది. “కొత్త వెర్షన్‌లో ఆటలు ఇంకా వేగంగా నడుస్తాయి మేడమ్.”

“మావాడు ఆడలేకపోయాక ఎంత వేగంగా నడిస్తే నాకేమిటి?”

“మీ అభిప్రాయం పైవాళ్ళకి పంపిస్తాను మేడమ్.”

“అభిప్రాయం కాదు తల్లీ, మా తమ్ముడి చెయ్యి గురించి చెబుతున్నాను. బాగున్న ఇంటికి మరమ్మతని వచ్చి మెట్లు పీక్కుపోయారు. ఆ మెట్లు ఎక్కేవాడు ఎవడని ఒక్కరైనా చూసుకున్నారా?”

ఆ అమ్మాయి గొంతు తగ్గించి, “పొద్దున్నించీ ఇవే ఫోన్లక్కా. మా చేతుల్లో ఏమీ లేదు,” అంది.

‘అక్కా’ అనేసరికి ఆటలక్క ఆ పిల్లను తిట్టడం మానేసింది. కంపెనీని తిట్టడం మానలేదు.

మధ్యాహ్నం తమ్ముడు వచ్చి సంగతి విన్నాడు. చెయ్యి జేబులోకి పోయింది. “నేను ఆడట్లేదని చెప్పెయ్యి.”

“పక్కన కూర్చుని ఆ మీట నేను నొక్కుతాలేరా.”

“అప్పుడది నీ ఆట.” వెనుదిరిగి మెట్లవైపు నడిచాడు.

మెట్ల మీద ఎదురైనవాడు పక్కవీధి ఆటల షాపు యజమాని. దళసరి కళ్ళద్దాల వల్ల సోడాబుడ్డి అంటారు. విషయం తెలుసుకుని, “మా దగ్గర ఓ ముసలి కంప్యూటరుంది. అప్‌డేట్ పడితే ప్రాణం పోతుందని దానికి నెట్టే ఇవ్వలేదు, ఇంకా పాత వెర్షనే. తెస్తానుండు. అందరం దాని మీదే వంతులవారీగా ఆడదాం, తక్కువ సమయం ఎవరిదైతే వాళ్ళదే గెలుపు,” అన్నాడు.

“మీ మిషన్ మీదే మిమ్మల్ని ఓడిస్తే?” అంది ఆటలక్క. కోపంలో ఆ మంచిమాటకూ కరిచినట్టే బదులిచ్చింది.

“ముందు ఆడనివ్వక్కా. ఎదుటి మనిషి లేకుండా గెలిస్తే అదేం గెలుపు?”

తప్పు చేసిన మొగుడు, సోడాబుడ్డి కలిసి దాన్ని దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను మోసినట్టు మెట్లెక్కించారు. మీటల మార్పు తమ్ముడే చేసుకున్నాడు. అందుకు రెండు చేతులూ కావాలి. గది నిండా జనం. చెయ్యి బయటికి తీయక తప్పలేదు.

బాగా పరుగెత్తించాడు. మొదటి స్థానం వాడిదేనని అంతా అనుకుంటుండగా ఆఖరి మలుపులో కారు వెళ్ళి గోడను కొట్టింది. అప్పటిదాకా కలిసొచ్చిన సమయమంతా అక్కడే పోయింది.

వాడు బల్ల మీద గుద్దాడు. “ముందే బ్రేకు వెయ్యాలని తెలుసు. తెలిసీ వెయ్యలేదు, బుద్ధి లేక. వచ్చే ఆదివారం మళ్ళీ పెట్టండి.”

ప్రెస్సు సంగతి జరిగినప్పటినుంచీ ఏ పని చెడినా వాడు ఆ చేతినే తిట్టుకునేవాడు. ఆ రోజు చేతి ఊసే ఎత్తలేదు.

“పెడతాంలే. ఆ గోడ నీకోసం అక్కడే ఉంటుంది,” అన్నాడు సోడాబుడ్డి.

ఓదార్చాలని నోటిదాకా తెచ్చుకున్న మాటలు ఆటలక్క మింగేసింది. “బుద్ధి లేదనే నేనూ అనుకున్నాన్రా,” అంది.