గండికోటలో దొర్లిన గుడారం

గండికోట లోయ అంచున గుడారం వేసుకుని ఫొటో దిగినవాళ్లు చాలామందే ఉంటారు. అదే గుడారంలో కూర్చుని లోయ వైపు దొర్లుకుంటూ పోయినవాణ్ని మాత్రం బహుశా నేనొక్కణ్నే. ఈ ఘనత ఎలా సాధించానో చెబుతాను, మీరు నవ్వుకోండి. ఆ సాయంత్రం నేను మాత్రం నవ్వలేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ప్రొద్దుటూరులో చీరల కొట్లో పని. పగలంతా చీరలు మడతపెట్టే నేను, ఖాళీ దొరికితే ఫోనులో మంచుకొండలెక్కేవాళ్ల వీడియోలు చూసి చూసి, నేనూ సాహసయాత్రికుణ్నేనని తీర్మానించుకున్నాను. బూట్లు కొన్నాను. నుదుటికి కట్టుకునే లైటు కొన్నాను. గండికోట దారిలోని జమ్మలమడుగు ఏ దిక్కున ఉందో తెలియనట్టు దిక్సూచి కూడా కొన్నాను. ఇక గుడారమొక్కటే తక్కువ.

అది మా వీధిలో మస్తాన్ మామ దగ్గరుంది. ఆయన కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చాడు. అక్కడ సెలవు రోజుల్లో జనం ఎడారిలో గుడారాలు వేసుకుంటారట. యజమాని ప్రేమగా ఇచ్చిన చిన్న గుడారాన్ని మామ పెళ్లిబట్టల పక్కన బీరువాలో దాచుకున్నాడు. వెనకటి ఎడారి కాపరులు మేకవెంట్రుకలతో గుడారాలు నేసేవాళ్లనీ, వాన పడితే ఆ నేత ఉబ్బి సందులు మూసుకుంటాయనీ ఆయన చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాణ్ని.

“ఇస్తాగానీ అల్లుడూ, మేకులు కొట్టేది మర్చిపోవద్దు. మేకుల్లేని గుడారం గాలిపటమే.”

“ఏంది మామా, నేనెన్ని వీడియోలు చూసినానో!”

“వీడియోలో గాలి మనకు తగల్దు గదరా.”

గండికోటలో నేలంతా బండ. మొదటి మేకు వంగింది. రెండోది ఎగిరి నా మోకాలికి తగిలింది. ‘నా బరువు చాలదా?’ అనుకుని, ఫొటో కోసం చొక్కా మార్చుకుందామని లోపలికి దూరి జిప్పు లాగాను. మెడలోని టవలు అంచు అందులో ఇరుక్కుంది. సరిగ్గా అప్పుడే గాలి లేచింది.

నిజం చెప్పాలంటే గాలి కొట్టించింది ఒక్క పల్టీయే. మిగతావన్నీ నా కంగారు కొట్టించినవే. నేల వాలుగా ఉండటంతో గుడారం ఆగలేదు. దిక్సూచి వచ్చి ముక్కుకు తగిలింది. తెలిసిన దేవుళ్లందరినీ పిలిచి, ఇక పేర్లు గుర్తు రాక “అమ్మా!” అని అరిచాను. అంతలో దేనికో తగులుకుని గుడారం ఆగింది. బయటి నుంచి ఓ ముసలి గొంతు వినిపించింది.

“లోపల ఎవురప్పా? మనిషా, గొర్రా?”

“మనిషినే పెద్దయ్యా! లోయ ఎంత దూరం ఉండాది?”

“ఇంగ రెండు పల్టీలు.”

“జిప్పు ఇరుక్కునింది. కొడవలుంటే గుడ్డ కొయ్యి!”

“కొడవలి ఉండాది. ఇంత సన్నంగా కుట్టినోడెవురో, వాని కష్టాన్ని నేనెందుకు కోస్తా? కదలాకుండా ఉండు. నేను పట్టుకొని ఉండా, యాడికీ పోవులే.”

ఆయన సద్దిమూటలోని ఊరగాయ నూనె వేలితో తీసి జిప్పు పళ్లకు రాశాడు. అంగుళం అంగుళంగా లాగాడు. నేను తల బయటపెట్టేసరికి ఎదురుగా బండ సందులో అడ్డంగా గుచ్చిన కర్ర, తెల్ల మీసాల ముసలాయన, ఆయన వెనక టిక్కెట్టు కొన్న జనంలా నన్నే చూస్తున్న గొర్రెలు.

ఆయన పేరు ఓబన్న. కొండాపురం దగ్గర ఆయన ఊరు రిజర్వాయరు నీళ్లలో మునిగిపోయింది. మనిషి మాత్రం గొర్రెలతో ఈ బండల మీద తిరగడం మానలేదు. గుడారాన్ని వెనక్కి ఈడ్చి, నాలుగు తాళ్లనూ నాలుగు గుండ్లకు కట్టి, వాకిలిని గాలి రాని వైపుకు తిప్పాడు. అంతా కలిపి బీడీ కాల్చినంత సేపు పట్టలేదు.

“ఎవరు నేర్పినారు పెద్దయ్యా?”

“గొర్రెలు. గాలొస్తే అవి వీపు ఎటు తిప్పుతాయో సూడు.”

తుంపర మొదలైంది. లోపలికి రమ్మంటే ఆయన రాలేదు, గొంగడి తల మీదికి లాక్కున్నాడు. “ఉన్ని తడిస్తే ఉబ్బుతాదప్పా, సందులు మూసుకుంటాయి,” అన్నాడు. ఎడారి చూడని మనిషి మామ మాటే చెప్పాడు! నా సంచిలోని సామానంతా చేసే పని ఆయన ఒక్క గొంగడే చేస్తోంది. అదే పరుపు, అదే గొడుగు, అదే ఇల్లు. ఆయన ముందు నా కొత్త బూట్లను చూసుకోవడానికి నాకే సిగ్గేసింది.

మర్నాడు గుడారం తిరిగిచ్చాను. మామ వాసన చూశాడు.

“ఏంది అల్లుడూ, ఊరగాయ వాసనొస్తాండాది?”

దాచకుండా అంతా చెప్పాను. మామ కోపపడలేదు. “ఆ పెద్దాయన శానా గొప్పోడు. ఈసారి పోతే నన్నూ పిల్చుకపో,” అని, గుడారం జిప్పును వేలితో తడుముతూ అడిగాడు:

“అది సరేగానీ, ముందు వాకిలి ఇరుక్కుంటే వెనక వాకిలి నుంచి రాకపోయినావా?”

“వెనక… వాకిలి ఉండాదా మామా?”

మామ గుడారాన్ని అవతలికి తిప్పి, రెండో జిప్పును సర్రున లాగి చూపించాడు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. గుడారమైనా, సినిమా హాలైనా, చివరికి అత్తగారిల్లైనా సరే, వాకిళ్లెన్నో లెక్కపెట్టుకోకుండా ఈ జన్మలో లోపల కాలుపెట్టను.