ఆవాసాలు: లేవు

“పొద్దటి సంది పాలు తాగుతలేదంటున్నవ్. జొరం నెత్తికెక్కి ఫిట్సొస్తే ఎట్ల?”

ఫోన్లో భర్త సతీశ్‌ను ఈ మాట అడుగుతూ నిరోష కృష్ణ ఒడ్డున గులకరాళ్ల మీద అటూ ఇటూ తిరుగుతోంది. తొమ్మిది నెలల కూతురు అచ్చంపేటలో ఉంది. ఆమె కొల్లాపూర్ అవతల, పాడైన పడవల రేవు దగ్గర ఉంది. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన నిరోషకు అప్పగించిన పని ఒకటే. రేవు మరమ్మతు మొదలుకాకముందే ఆ ఒడ్డున ఏ జీవులు బతుకుతున్నాయో చూసి రాసివ్వాలి. అది రెండు రోజుల పని. ఆమె గంటన్నరలో ముగించింది.

కాగితంలో మిగిలిన ఒక్క గడి నింపడానికి ఆమెకు కనిపించిన మనిషి గుర్వమ్మ. యాభై దాటిన ఆ మనిషి ఒడ్డుకు లాగిన పుట్టి పడవ పక్కన కూర్చుని వల చిక్కులు తీస్తోంది.

“అవ్వా, ఇక్కడ ఆవాసాలేమన్న ఉన్నయా?” కాగితంలో ఉన్న మాటే అడిగింది నిరోష.

“యాడియి బిడ్డా. డ్యాం నీళ్లొచ్చిననాడే అన్ని లేశిపాయె.”

‘ఆవాసాలు: లేవు’ అని రాసుకుని నిరోష బస్సెక్కింది. మర్నాటికి పాప జ్వరం తగ్గింది. కాగితం పని అప్పగించిన ఆఫీసుకు, అధికారి రామచంద్రం సారుకు చేరింది.

పది రోజుల తర్వాత, రాళ్లు ఎక్కడ పోయాలో గుర్తు పెట్టడానికి ఆమే మళ్లీ వచ్చింది. గులకరాళ్ల మీద సున్నంతో గీత వేస్తుంటే గుర్వమ్మ దగ్గరికొచ్చింది.

“ఏందమ్మా, పిట్టల నెత్తిన ముగ్గేస్తున్నవ్?”

“ఏ పిట్టలవ్వా? ఆవాసాలు లేవన్నవ్ గద?”

గుర్వమ్మకు నవ్వొచ్చింది. “ఆవాసమంటే ఊరు గాదా? సర్కారు కాగితాలల్ల గట్లనే రాస్తరు. మా ఊరు మునిగిందని చెప్పిన. గంత సదివినవ్, పిట్టలని అడగనీకి నోరు రాలే?”

నిరోష నవ్వలేకపోయింది. ఆ రోజు తనకు కావలసింది ‘లేవు’ అన్న మాటే. అందుకే రెండో మాట అడగలేదు.

ఊరు ఖాళీ చేసేనాటికి గుర్వమ్మకు పన్నెండేళ్లు. తలుపులు ఊడబెరికి బండికెత్తుకుని ఒడ్డుకు చేరిన కుటుంబం వాళ్లది. పొలం పోయాక వల పట్టింది. నీళ్లు దిగే ప్రతి ఎండకాలం ఈ గులకలో నీటిపిట్టలు గుడ్లు పెడతాయి. పిల్లలు ఎగిరేదాకా ఆమె చేపల గంప ఎత్తుకుని చుట్టు దారినే పోతుంది.

“మునిగేటి ఇండ్లకు పైసలియ్యనీకి మా ఊర్ల గూడ ఒకాయన బండి దిగకుంటనే రాసుకపోయిండు. మా అవ్వ గుడిసె రాయనే లేదు,” అంటూ ఆమె వంగి చూపించింది. రాళ్లలో రాళ్లలా మూడు గుడ్లు. పక్కనే ఇంకో గుంటలో నలిగిన పెంకులు. వాటి కింద ఎండిన ఒండ్రులో గళ్లగళ్ల చెప్పు అచ్చు.

నిరోష తన కాళ్ల వైపు చూసుకుంది. అవే చెప్పులు. పాపకేమవుతుందోనని ఫోన్లో ఏడుస్తూ తిరిగింది ఇక్కడే.

“నీ బిడ్డకు జొరం తగ్గిందా?” అని అడిగింది గుర్వమ్మ.

మర్నాడే రాళ్ల లారీలు రావాలి. పిట్టలు ఈ వారమే వచ్చాయని అబద్ధం చెప్తే సరిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. ఆమె ఫోన్ చేసి, “సార్, నేను చూడకుంట రాసిన,” అంది.

“జీతం చూసేందుకే గదమ్మా ఇచ్చేది?” అన్నాడు రామచంద్రం. తర్వాత ఆయన అన్నవన్నీ ఆమె నిలబడి విన్నది.

లారీలు రాళ్లను రోడ్డు పక్కన దింపాయి. పిల్లలు ఎగిరేదాకా పని ఆగింది. ఆ ఆఫీసు నుంచి నిరోషకు మళ్లీ పని రాలేదు.

సారుకు ఫోన్ చేసిన రోజు, ఒడ్డు నుంచి బయలుదేరే ముందు ఆమె గుర్వమ్మను అడిగింది. “పక్కన నిలబడ్డా గుడ్లు కనవడవు గదవ్వా. నువ్వెట్ల తొక్కకుంట నడుస్తవ్?”

“చెప్పులిడువు. కాలు సుర్రుమంటుంటే ఒక్కొక్క అడుగు చూసి ఏస్తవ్. చెప్పులుంటే నీ కండ్లు ఫోన్లనే ఉంటయ్.”

ఇప్పుడు వేరేవాళ్ల పని మీద ఏ ఒడ్డుకు పోయినా, నిరోష ఫోన్ సంచిలో వేసి, చెప్పులు విప్పి చేత పట్టుకుని దిగుతుంది.