రోడ్డు మీద నాలుగడుగులు

తెలంగాణ ఉద్యమం రోజులు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన మా సిరికి రెండున్నరేళ్లు వచ్చినా నడక రాలేదు. ఆ రోజు బంద్. థెరపీ మానకూడదని పాపను ఎత్తుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌లోని థెరపీ సెంటర్‌కు నడక మొదలుపెట్టాను.

దారిలో నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు చేస్తున్న ఉద్యమకారుల్లో ఒక పెద్దాయన, "ఎటు పోతున్నవమ్మా?" అని గద్దించాడు. మాది గుంటూరు. నా యాస వింటే ఏమంటారోనని పాపను హత్తుకుని ఓ అడుగు వెనక్కి వేశాను.

అంతలో గుంపులోంచి సిరికి థెరపీ చేసే స్వప్న పరుగెత్తుకొచ్చింది.

"గింత దూరం ఎత్తుకొనొచ్చినవా అక్కా? సెంటర్ బందున్నది. ఈడనే చేద్దాం."

పాపను నిలబెట్టి, కొంచెం దూరంలో చేతులు చాచి కూర్చుంది.

"జర జరుగుండ్రి, బిడ్డ నడుస్తున్నది," అన్నాడు పెద్దాయన. నినాదాలు ఆగిపోయాయి. సిరి తూలుతూ నాలుగడుగులు వేసి స్వప్న ఒళ్లో పడింది.

ఇప్పుడు సిరి బడికి నడిచే వెళ్తోంది. ఆ మనుషులను చూసి భయపడినందుకు మాత్రం నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.