గేటు దాటాక పిన్నీసు

ఆ ప్రభుత్వ బడిలో ఆయాని అందరూ గేటమ్మ అనేవారు. బడి ఆవరణలో బయటివాళ్ళ ప్రకటనలు, ప్రచారాలు ఉండకూడదని హెడ్మాస్టరు నోటీసు అంటించిన రోజు నుంచీ ఆ రూలు ఆవిడకి సొంత బిడ్డయిపోయింది. ఇక చూస్కోండి! గోడ మీద ట్యూషన్ పోస్టరు కనిపిస్తే తడిపి గోకి పారేసేది. సబ్బుల కంపెనీవాడు పిల్లలకి ఉచితంగా పంచిన పుస్తకాల అట్టలన్నీ తిరగేసి వేయించింది. పట్టిందంటే ఉడుంపట్టే మరి.

ఆవిడకి ఒక్కతే కూతురు. ఫ్యాక్టరీలో బట్టలు కుట్టీ కుట్టీ విసిగిపోయి, బడి ఎదురు సందులో తన పేరుతోనే కుట్టుషాపు పెట్టుకుంది. పనితనం బంగారం, వచ్చేవాళ్ళే లేరు. ఈ నెల కూడా ఈగలు తోలుకుంటూ కూర్చోవాల్సివస్తే షాపు మూసేసి మళ్ళీ ఫ్యాక్టరీకే పోతానంది. బళ్ళో టీచర్ల చెవిన ఓ మాట వెయ్యమని తల్లిని బతిమాలింది. గేటమ్మ ససేమిరా అంది. ఊళ్ళోవాళ్ళ పోస్టర్లు చింపిన మనిషి సొంత కూతురి షాపు గురించి ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

కూతురు మాట పెంచలేదు. వారం తిరక్కుండా తల్లికి నీలం కోటు కుట్టి తెచ్చింది. తాళాలకో జేబు, విజిలుకో జేబు, కళ్ళజోడుకో జేబు. తొడుక్కుని గేటమ్మ మురిసిపోయింది. తీరా చూస్తే కాలరు కింద షాపు పేరుతో చిన్న లేబుల్! ఇది ప్రకటన కాక మరేమిటి? బ్లేడుతో దాని కుట్లన్నీ ఊడదీసింది.

మర్నాడు పొద్దున తల్లి కాలరు సర్దబోయిన కూతురి వేళ్ళకి తెగిన దారాలు తగిలాయి.

"నా పేరు నీకంత బరువైందా అమ్మా?" అని షాపుకి వెళ్ళిపోయింది.

గేటమ్మకి ఆ రోజు ఏ పని మీదా మనసు నిలవలేదు. పైగా లెక్కల టీచరు కోటు అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత బాగా ఎవరు కుట్టారని ఒకటే అడగడం. నాలుక చివరిదాకా వచ్చిన పేరుని గేటమ్మ మింగేసింది. అప్పుడు తట్టింది ఆవిడకి, రూలు గేటు లోపలిదే కదా అని.

"చివరి గంటయ్యాక గేటు బయట అడగండమ్మా, చెప్తాను."

టీచరు పకపకా నవ్వి, మరో ఇద్దరు టీచర్లని కూడా వెంటేసుకుని సాయంత్రం గేటు బయట నిలబడింది. గేటమ్మ గంట కొట్టి, తాళం వేసి, రోడ్డు మీదికి అడుగు పెట్టాక జేబులోంచి లేబుల్ తీసింది. ఊడదీసిందే గానీ పారెయ్యడానికి చేతులు రాలేదు. అందరికీ కనపడేలా గుండెల మీద పిన్నీసుతో పెట్టుకుని, కుట్టింది నా కూతురేనంటూ టీచర్లని సందులోకి తీసుకెళ్ళింది.

షాపులో ఒంటరిగా కూర్చున్న కూతురు తల్లిని చూసింది, వెనకున్న ముగ్గురినీ చూసింది, ఆఖరికి తల్లి గుండెల మీద తన పేరు చూసింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"వంకరగా పెట్టావు. ఉండు, కుట్టేస్తాను" అంది సూది అందుకుంటూ.

"కుట్టకు తల్లీ, పిన్నీసే ఉండనీ. పొద్దున్న గేటు దగ్గర మళ్ళీ తీసెయ్యాలిగా" అంది గేటమ్మ.