‘బికాజ్’ తీసేసిన రిపోర్టు

నరసరావుపేటలోని ఒక ప్రైవేటు స్కూల్లో నేను తెలుగు చెబుతాను. పక్క గదిలో షంషాద్ టీచర్ ఇంగ్లిష్ గ్రామర్ చెప్పే రోజుల్లో నా పాఠం ఆపి మరీ వినేవాణ్ణి.

“ఏ వాక్యమైనా సరే, ముందు ఎవరు చేశారో వెతకండి. తర్వాత ఏం చేశారో వెతకండి. ఆ రెండూ దొరికితే ఎంత పొడుగు వాక్యమైనా మీకు లొంగుతుంది,” అనేది.

ఆవిడ తండ్రి లారీ మెకానిక్. ఇంట్లో ఇంగ్లిష్ ముక్క తెలిసినవాళ్ళు లేరు. డిగ్రీలో ఒకసారి ఇంగ్లిష్ తప్పి, ఆ కసితో గ్రామర్ పట్టుకుంది. మాట్లాడమంటే తడబడేది గానీ, రాస్తే కామా కూడా తప్పేది కాదు. పాఠాన్ని పిల్లల ఇళ్ళలోంచే తీసేది. “అమ్మ మిరప కోతకు వెళ్ళింది. ఇది సింపుల్. అమ్మ కోతకు వెళ్ళింది, నేను అన్నం వండాను. ఇది కాంపౌండ్. ఎందుకు వండావని అడిగితే? అప్పుడు ‘బికాజ్’ కావాలి. అమ్మ వెళ్ళినందువల్ల నేను వండాను. ఇది కాంప్లెక్స్.”

ఈ పాఠం అందరికంటే ముందు పట్టుకున్నది ఎనిమిదో తరగతి సుప్రజ. నకరికల్లు నుంచి బస్సులో వచ్చేది. తల్లి అంజమ్మ కూలికి వెళ్తుంది. తండ్రి లేడు.

రెండేళ్ళ కిందట స్కూల్లో పైఅంతస్తు ఇంకా కడుతూ ఉన్నారు. మర్నాడు ఇన్‌స్పెక్షన్ ఉందనగా కరస్పాండెంట్ నాగేశ్వరరావు గారు ఎనిమిదో తరగతి పిల్లల్ని పిలిచి, బెంచీలు పైకి మొయ్యమన్నారు. మెట్లకు రెయిలింగ్ లేదు. బెంచీ ఒక కొస పట్టుకుని ఎక్కుతున్న సుప్రజ పక్కకు తూలి కింద ఇసుక, కంకర మీద పడింది. కుడి మోచెయ్యి నుజ్జయింది. ఆపరేషన్ చేశారు గానీ ఆ చెయ్యి మళ్ళీ పూర్తిగా మడత పడలేదు. మొయ్యమనడం నేను విన్నాను. పడటం షంషాద్ చూసింది.

మూడో రోజు ఇద్దరినీ ఆఫీసు గదిలోకి పిలిచారు. విద్యాశాఖకు రిపోర్టు పంపాలి. క్లాస్ టీచర్ కాబట్టి షంషాద్ రాయాలి. సాక్షిగా నేను సంతకం పెట్టాలి. ఆవిడ జరిగింది జరిగినట్టే రాసింది. నాగేశ్వరరావు గారు చదివి కాగితం బల్ల మీద పడేశారు.

“కరస్పాండెంట్ మొయ్యమన్నాడని రాశావేందమ్మా? రెయిలింగ్ లేనందువల్ల అంట! నా గొయ్యి నాతోనే తవ్విస్తావా?”

“జరిగింది అదే కదండీ.”

“జరిగిందేందో నాకు తెలుసులే. పదహారేళ్ళ నుంచి గ్రామర్ చెబుతున్నావు. నేను లేకుండా నాలుగు ముక్కలు రాయలేవా?”

ఆవిడ నా వంక చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ వంక చూశాను.

పది నిమిషాల్లో రెండో కాగితం తయారైంది. బెంచీలు పైకి తరలించబడ్డాయి. ఒక విద్యార్థిని మెట్ల దగ్గర గాయపడి కనిపించింది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోబడింది. తెలుగులో అలా ఎవరూ మాట్లాడరు. ఇంగ్లిష్‌లో మాత్రం నున్నగా ఉంది. మూడూ సింపుల్ వాక్యాలే, దేంట్లోనూ చేసిన మనిషి లేడు. ‘బికాజ్’ లేదు. ఇద్దరం సంతకాలు పెట్టాం.

బయటికొచ్చాక, “ఒక్క తప్పు లేదు మాస్టారూ. పేపరు దిద్దితే పదికి పది వెయ్యాలి,” అంది. 

రెండు వారాల తర్వాత అంజమ్మ విద్యాశాఖ ఆఫీసులో ఇచ్చిన ఆ రిపోర్టు నకలు పట్టుకుని స్కూలుకు వచ్చింది. “ఆఫీసోళ్ళు ఇది చేతిలో పెట్టి పొమ్మన్నారు టీచరమ్మా. ఏం రాసుందో చెప్పు.”

షంషాద్ తెలుగులో చదివి చెప్పింది.

“మొయ్యమన్నదెవరో రాయలా?”

“లేదమ్మా.”

“మరి నా పిల్ల దానంతటదే పడిందంటనా?”

“అట్లా కూడా రాయలేదు.”

“ఇదేం రాతమ్మా? రాసిందెవరు?”

షంషాద్ కాగితం మడిచి ఇచ్చేసింది. “ఆఫీసులో రాసుంటారు,” అంది. కింద ఉన్న సంతకం అంజమ్మ చదవలేదు.

కూతురు చదవగలదు. వేసవిలో టీసీ కోసం వచ్చినప్పుడు సుప్రజ షంషాద్ దగ్గరికి వచ్చి నిలబడింది. “రిపోర్టు చదివాను టీచర్. అమ్మకి చెప్పలా. మీరంటే అమ్మకి చానా గౌరవం.” అంతే చెప్పి వెళ్ళిపోయింది.

ఆ వారమే షంషాద్ ఇంకో ఉత్తరం రాసింది. ఈసారి కరస్పాండెంట్ పేరుంది, మొయ్యమన్న మాట ఉంది, రెయిలింగ్ ఉంది. నన్ను సంతకం పెట్టమంది. మా అమ్మాయిల చదువులు అయ్యేదాకా ఆగుదామన్నాను. ఆవిడ ఒక్కతే విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు.

“రెండూ మీరే రాశారు. మొదటిదాంట్లో అబద్ధం ఏదో చూపించండి.”

ఆవిడ మొదటి కాగితం మళ్ళీ వాక్యం వాక్యం చదివింది. “అబద్ధం లేదు సార్.”

“ఇంకేంటి మరి?” అని ఫైలు మూసేశాడు.

నెల తిరక్కుండా ఉద్యోగం పోయింది. స్పోకెన్ ఇంగ్లిష్ సరిగా లేదని కారణం చెప్పారు. అది మాత్రం నిజమే. ఇప్పుడు ఇంటి ముందు గదిలో ట్యూషన్లు చెప్పుకుంటోంది.

ఉద్యోగం పోయాక నకరికల్లు వెళ్ళి అంజమ్మకు అంతా చెప్పేసింది. అంజమ్మ ఎండు మిరపకాయలకు తొడిమెలు తీస్తూ విన్నది. తిట్టలేదు, కూర్చోమనలేదు.

“ఆనాడు నీ ముందరే నిలబడి అడిగాగదా,” అంది. “అప్పుడు చెప్పుంటే నలుగురినీ కేకేసుకొని ఆ ఆఫీసు ముందర కూసునేదాన్ని. ఇప్పుడు నాకు చెప్పి ఏం చేసుకోమంటావు?”

లోపల సుప్రజ ఎడమ చేత్తో ఏదో రాసుకుంటోందట. గుమ్మంలోంచి కనిపిస్తూనే ఉందట. తల ఎత్తలేదట.

ఇదంతా షంషాద్ నాకు బస్టాండులో కనిపించినప్పుడు చెప్పింది. ఆ రెండో ఉత్తరం మీద మీ సంతకం కూడా ఉండి ఉంటే ఏమయ్యేదని ఆవిడ అడుగుతుందేమోనని భయపడుతూ నిలబడ్డాను. అడగలేదు. బస్సు వచ్చిందని వెళ్ళిపోయింది.