వదులైన పళ్లు

ఆ సొరుగుల కార్ఖానాలో పెద్దమేస్త్రి మాటకు తిరుగులేదు. ఇరవై ఆరేళ్లుగా ఉలితో, చేతిరంపంతో పలకల అంచుల్లో గువ్వ తోకలా విప్పారిన పళ్లు కోసి, ఒకదానిలో ఒకటి ఇరికించి, ఒక్క మేకు లేకుండా సొరుగులు బిగించినవాడు. ఓనరు చెక్కలో గాడి తొలిచే రూటర్ మిషనూ, పళ్లు కోసే ఇనప అచ్చూ కొని పెద్దమేస్త్రి అల్లుడికి అప్పగించిన రోజు ఆయన అడ్డు చెప్పలేదు. కూతురు అక్కడే పాలిష్ పని చేసేది. నాన్న ఒప్పుకున్నాడనుకుని సంబరపడింది.

నాలుగు నెలలపాటు అల్లుడు కోసిన పళ్లు చెక్కసుత్తితో రెండు దెబ్బలు వేస్తే ఇంపుగా కూర్చున్నాయి. ఐదో నెలలో వదులయ్యాయి. పెద్దమేస్త్రి పని ఆపించి అందరినీ పిలిచాడు. జిగురు పెట్టని సొరుగునొకదాన్ని ముందు పలక పట్టుకుని పైకెత్తి ఊపాడు. మిగతా పలకలు టపటపా నేలమీద పడ్డాయి.

"మా అల్లుడిగారి పనితనం చూశారుగా. పెళ్లికి ముందు ఇతన్ని కూడా ఇలా ఊపి చూడాల్సింది."

అందరూ నవ్వారు. కూతురు పాలిష్ గుడ్డవైపు చూస్తూ ఉండిపోయింది.

"మిషన్‌లోనే ఏదో తేడా వచ్చింది మావయ్యా," అన్నాడు అల్లుడు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నారట."

ఆ తర్వాత రోజూ అదే తంతు. అల్లుడు అచ్చును ముందుకీ వెనక్కీ జరిపాడు. పలక అంచు లోపలికో బయటికో పోయిందే తప్ప వదులు తగ్గలేదు. పలకను పట్టి ఉంచే పట్టీలు బిగించాడు, చెక్క మార్చాడు. చివరికి జిగురులో పొట్టు కలిపి సందులు పూడ్చాడు. దాన్ని కూడా పెద్దమేస్త్రి గోటితో గీకి నలుగురికీ చూపించాడు.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక అల్లుడు మొదటి నెలలో కోసిన పాత పలక ఒకటి వెతికి తీశాడు. దాని గాడిలో మిషన్‌కు బిగించే కోత ముక్కను, బిట్‌ను, పెట్టి చూస్తే అటూ ఇటూ ఆడింది. ఆ గాడి కోసింది ఆ బిట్టే. అంటే ఎవరో దాన్ని ఊడదీసి సాన పట్టించారు, బిట్ సన్నబడింది; తిరిగి కాస్త పైకి బిగించడంతో గాడి లోతు తగ్గి పళ్లు వదులయ్యాయి. దాన్ని కాగితం మందమంత కిందికి దించి చెక్కముక్కల మీద కోశాడు. లోతు పెరిగేసరికి పన్ను లావెక్కింది. మూడో ముక్క సుత్తితో కొడితే గాని కూర్చోలేదు.

ఇంటికి వెళ్లగానే భార్యను అడిగాడు.

"నాన్న ఇచ్చాడు. నేనే సెలవు రోజున తీసుకెళ్లి సాన పట్టించుకొచ్చాను. మళ్లీ ఆయనే బిగించాడు," అంది. "నీతో చెప్పానన్నాడు. దానివల్లే వదులవుతుందని నాకేం తెలుసు?"

మర్నాడు అతను బిగిసిన అతుకును ఓనరు బల్లమీద పెట్టి జరిగిందంతా చెప్పాడు. ఓనరు పెద్దమేస్త్రిని పిలిపించాడు.

"బిట్ సాన పట్టించావా మేస్త్రీ?"

"నేను దాన్ని ముట్టుకోనే లేదు."

అల్లుడు భార్యను పిలుచుకొచ్చాడు. పెద్దమేస్త్రి ఎంతో నెమ్మదిగా అన్నాడు: "చెప్పమ్మా. మీ నాన్న అబద్ధాలకోరని నలుగురిలో నీ నోటితోనే చెప్పు."

ఆమె తండ్రి ముఖం చూసింది, మొగుడి ముఖం చూడలేదు.

"నాకు తెలీదు," అంది.

ఓనరు అల్లుణ్ణి లారీలకు సరుకెక్కించే పనిలోకి మార్చాడు. మిషన్ ఇంకొకడి చేతికి వెళ్లింది. అల్లుడు దించిన చోటు నుంచి బిట్‌ను ఎవరూ కదపలేదు. సొరుగులు గట్టిగా వచ్చాయి. కొత్తవాడి చెయ్యి మంచిదని పెద్దమేస్త్రి అందరికీ చెప్పాడు.

లారీ దగ్గర పెద్దమేస్త్రి ఒంటరిగా దొరికినప్పుడు అల్లుడు అడిగాడు, "నేనేం చేశాను మావయ్యా?"

"నాకు పన్నెండేళ్లు పట్టిన పని నువ్వు నాలుగు నెలల్లో చేశావు. అదీ ఈల వేసుకుంటూ."

రెండు నెలలకు అల్లుడు వేరే ఊళ్లో పని చూసుకున్నాడు. బట్టలు సర్దుకుంటుంటే భార్య గుమ్మంలో నిలబడి, "నన్నూ రమ్మంటావా?" అని అడిగింది.

"నాకు తెలీదు," అన్నాడతను.

పెద్దమేస్త్రి కూతుర్ని తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆమె వంట చేస్తుంది, పాలిష్ పనికి వెళ్తుంది, ఏది అడిగితే అది అందిస్తుంది. మూడేళ్లయింది. తండ్రితో మాత్రం ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన రోజూ కంచం ముందు కూర్చుని, కూరలో ఉప్పు సరిపోయిందా అని ఆమెనే అడుగుతాడు.